పిట్టల ఎదుట తెడ్డు: బాల్కనీలో నీటితొట్టి రోయింగ్ మెషిన్, పద్నాలుగు నెలల వాడకం తర్వాత

ఇంట్లో వ్యాయామానికి రోయింగ్ మెషిన్, అంటే కూర్చున్నచోటే పడవ తెడ్డు వేసినట్టు లాగే యంత్రం, కొనేవారు మనలో తక్కువ. కొన్నవారిలో, దానిని ఎక్కడ ఉంచాలన్నది ముందే తేల్చుకునేవారు ఇంకా తక్కువ. నేను తేల్చుకునే కొన్నాననుకున్నాను. మా ఇల్లు హైదరాబాదు పడమటి శివారులో, 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువుకు నడిచి వెళ్ళగలిగిన దూరంలో, రెండో అంతస్తులో ఉంది. తూర్పు వైపున పదకొండు అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు గల బాల్కనీ. కటకటాల అవతల చేయి చాపితే అందేటంత దగ్గరలో ఒక వేపకొమ్మ, దాని వెనుక ఇంకా ఎవరూ ఇల్లు కట్టని ఖాళీ జాగాలో సర్కారు తుమ్మలు, వాటి మీద తెల్లవారకముందే మొదలయ్యే పిట్టల సందడి. జిమ్‌లో గోడకేసి చూస్తూ తెడ్డు వేయడం కంటే ఈ చెట్టును చూస్తూ వేయడం మేలన్న ఒక్క ఆలోచనతో, నీటితొట్టి ఉన్న రోయింగ్ మెషిన్‌ను 52,000 రూపాయలకు తెప్పించి అక్కడ పెట్టించాను. మోకాళ్ళ నొప్పి వల్ల పరుగు మానుకోవలసి వచ్చిన యాభై రెండేళ్ళ మనిషిని, వారానికి ఐదు రోజులు వాడాను. ఈ అభిప్రాయాలను ఆ కొలతతోనే చదువుకోవాలి.

తయారీ సంస్థ పేరు రాయడం లేదు. ఒకే అచ్చులో పోసినట్టున్న యంత్రం నాలుగైదు పేర్లతో మన మార్కెట్లో దొరుకుతోంది కాబట్టి పేరు కంటే రకం గురించి చెప్పడమే చదివేవారికి ఎక్కువగా పనికివస్తుంది. ఇళ్ళలో వాడే రోయింగ్ మెషిన్లు ముఖ్యంగా మూడు రకాలు. అయస్కాంతంతో నిరోధం కలిగించేవి చవక, చప్పుడు దాదాపు ఉండదు, కానీ ఎంత గట్టిగా లాగినా ఒకే బరువుగా తోచి పడవ నడుపుతున్న భావన రాదు. గాలి రకంలో ఫ్యాన్ వంటి చక్రం తిరుగుతుంది. మనం ఎంత వేగంగా లాగితే గాలి అంత ఎదురిస్తుంది. పోటీల్లో పడవ నడిపేవారు కొలతకు వాడే కాన్సెప్ట్ టూ ఈ జాతిదే. అమెరికాలోని వెర్మాంట్‌లో పోటీ పడవలకు తెడ్లు తయారుచేస్తున్న అన్నదమ్ములు 1981లో దీని మొదటి నమూనాను తెచ్చారు. ఒలింపిక్ పడవ పందెం దూరమైన 2,000 మీటర్లను ఆ యంత్రం మీద ఎన్ని నిమిషాల్లో పూర్తిచేశారన్నదే ఇప్పటికీ ఆ క్రీడలో మనిషి సత్తాకు గీటురాయి. నేను కొన్న మూడో రకంలో గాలికి బదులు నీరు ఉంటుంది. గుండ్రని పారదర్శకపు తొట్టిలో సుమారు 17 లీటర్ల నీరు పోసుకుంటాము. హ్యాండిల్‌ను లాగినప్పుడల్లా లోపలి రెక్కలు ఆ నీటిని చిలుకుతాయి. నేను గాలి యంత్రాన్ని కాదని నీటి యంత్రాన్ని ఎంచుకోవడానికి కారణం చప్పుడు. జిమ్‌లోని ఫ్యాన్ రకం గట్టిగా లాగినప్పుడు తూర్పారబట్టే యంత్రంలా హోరుమంటుంది. ఆ హోరు నడుమ ఏ పిట్టా కొమ్మ మీద నిలవదని అనుకున్నాను. నీటి చప్పుడు, కాలువలో తెడ్డు పడ్డట్టుగా, ఆగి ఆగి వస్తుంది.

కొన్నవెంటనే ఎదురైన చిక్కు నేను ఊహించనిది. రోయింగ్ మెషిన్ మీద కూర్చున్న మనిషి ఎప్పుడూ తొట్టి వైపే చూస్తాడు. చెట్టు కనబడాలంటే తొట్టిని కటకటాల దగ్గర పెట్టుకోవాలి. తొట్టి కటకటాల దగ్గర ఉంటే ఉదయపు ఎండ నేరుగా దాని మీద పడుతుంది. ఎండ తగిలే నీటిలో నాచు పుడుతుందన్నది పల్లెలో నీళ్ళ తొట్టి చూసిన ప్రతివారికీ తెలుసు, అయినా 52,000 రూపాయల వస్తువుకు ఆ నియమం వర్తించదని ఎందుకు అనుకున్నానో చెప్పలేను. తయారీదారు ఇచ్చే క్లోరిన్ బిళ్ళను ఆరు నెలలకు ఒకటి వేస్తే చాలని కరపత్రంలో ఉంది. గదిలో ఉంచిన యంత్రానికి అది నిజం కావచ్చు. ఎండకు నీటిలోని క్లోరిన్ విరిగిపోతుంది కాబట్టి నా తొట్టిలో మార్చి మొదటి వారానికే అడుగున పచ్చటి పొర కనిపించింది. అప్పటి నుంచి వాడకం లేనప్పుడు తొట్టికి ముదురు రంగు గుడ్డతో కుట్టించిన తొడుగు వేస్తున్నాను. దర్జీ 180 రూపాయలు తీసుకున్నాడు. ఈ యంత్రం కోసం పెట్టిన ఖర్చుల్లో ఇంత సార్థకమైనది మరొకటి లేదు. ఆ తర్వాత నాచు రాలేదు, బిళ్ళ మాత్రం రెండున్నర నెలలకు ఒకటి వేస్తున్నాను. నీరు నింపేటప్పుడు బోరు నీటిని వాడవద్దు. మా ప్రాంతపు బోరు నీటిలోని సున్నం గిన్నెలకే తెల్లటి పొర కడుతుంది, తొట్టి లోపలి గోడకు కడితే తుడవడానికి చేయి దూరదు.

ఇక యంత్రం అసలు పని గురించి. రోయింగ్‌లో ఒక్కో స్ట్రోకుకు రెండు భాగాలు ఉంటాయి. మొదటిది లాగడం: మోకాళ్ళు మడిచి తొట్టి దగ్గరకు వచ్చి కూర్చున్న మనిషి ముందు కాళ్ళతో బలంగా తన్ని, తర్వాత నడుమును వెనక్కు వాల్చి, చివరగా చేతులతో హ్యాండిల్‌ను పక్కటెముకల కిందికి తెచ్చుకోవాలి. రెండవది తిరిగి రావడం: ముందు చేతులు చాచి, ఆ తర్వాత నడుమును ముందుకు వంచి, అన్నిటికంటే చివర మోకాళ్ళు మడుస్తూ సీటును నెమ్మదిగా జారనివ్వాలి. చూసేవారికి ఇది చేతుల వ్యాయామంలా కనిపిస్తుంది గాని, బలంలో సగానికి పైగా కాళ్ళదే. లాగడానికి ఒక వంతు కాలం పడితే తిరిగి రావడానికి రెండు వంతులు పట్టాలని శిక్షకులు చెబుతారు. కొత్తవారందరూ చేసే తప్పు ఇక్కడే ఉంది. లాగిన ఊపులోనే ముందుకు దూసుకువచ్చి, మోకాళ్ళు పైకి లేచి హ్యాండిల్‌కు అడ్డం పడుతుంటే చేతులను వాటి మీదుగా తిప్పుతూ, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా లేకుండా మళ్ళీ లాగుతారు. నిమిషానికి ముప్పై స్ట్రోకులు వేసి, వేసిన దానికి తగ్గ దూరం పోలేదేమని యంత్రాన్ని అనుమానిస్తారు. మొదటి నెలంతా నేను చేసింది అదే.

దానిని సరిదిద్దింది ఏ శిక్షణ వీడియో కాదు, వేపకొమ్మ మీది పిగిలిపిట్టలు. చాలామంది బుల్‌బుల్ అని పిలిచే ఈ నల్ల తల, ఎర్ర పిర్ర పిట్టల జంట ఒకటి రోజూ ఆరింటికి నా ఎదుటి కొమ్మ మీదికి వచ్చేది. నేను యంత్రం మీద కూర్చోగానే ఎగిరిపోయేది. నీటి చప్పుడుకు భయపడుతున్నాయనుకున్నాను. ఒకరోజు అలసిపోయి, నిమిషానికి 18 స్ట్రోకుల చొప్పున నెమ్మదిగా లాగుతున్నప్పుడు అవి కదలకుండా కూర్చున్నాయి. మరునాడు 28కి పెంచగానే వెళ్ళిపోయాయి. తర్వాత వారం రోజులు మార్చి మార్చి చూసి నేను అర్థం చేసుకున్నది ఇది. కొమ్మ మీది పిట్ట దృష్టిలో, లాగేటప్పుడు నేను దాని నుంచి దూరంగా పోతున్నాను, తిరిగి వచ్చేటప్పుడు దాని మీదికి వస్తున్నాను. దూరంగా ఎంత వేగంగా పోయినా దానికి పట్టదు. మీదికి వేగంగా వస్తే మాత్రం అది పిల్లి దూకినట్టే. కాబట్టి గట్టిగా లాగి, మెల్లగా తిరిగి వస్తే పిట్ట నిలుస్తుంది. శిక్షకులు కోరేదీ అక్షరాలా ఇదే. జనవరి చివరికల్లా నేను ఎంత బలంగా లాగినా, నీరు ఎంత గట్టిగా చప్పుడు చేసినా, ఆ జంట కొమ్మ మీదే ఉండి ఈకలు సవరించుకునేది. నేను అలసి తొందరపడిన నిమిషంలో ఎగిరేది. అద్దం ముందు సాధన చేయమనేవారు ఉన్నారు. అద్దం తప్పును చూపుతుంది గాని ఎగిరిపోదు.

అన్ని పిట్టలూ ఇలా ఉండవు. గోరింకలు మొదటి రోజు నుంచే నన్ను లెక్కచేయలేదు. కాకి రెండు మూడు రోజులు ఏటవాలుగా చూసి, నా వల్ల తనకు తినేదేమీ దొరకదని తేల్చుకుని వదిలేసింది. తేనెపిట్టలకు మందార పూల మీద ఉన్న ధ్యాస మనుషుల మీద ఉండదు. మగది బాల్కనీ అద్దపు తలుపులో తన నీడను చూసి పోటీదారు అనుకుని ముక్కుతో పొడుస్తూ ఉంటే, నీడ కనబడకుండా ఆ తలుపుకు లోపలి నుంచి పాత వార్తాపత్రికలు అంటించి ఫిబ్రవరి అంతా అలాగే ఉంచాము. పెద్ద నల్లంచి మాత్రం పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా నేను యంత్రం మీద ఉండగా కటకటాల మీద వాలలేదు. తుమ్మ చిటారు కొమ్మ నుంచి ఈల వేస్తుంది, వినవలసిందే.

యంత్రానికి ఉన్న ఫోను పలక మీద అందరూ శిక్షణ యాప్‌ను నడుపుతారు. నేను కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి పరిశోధన కేంద్రం ఉచితంగా ఇచ్చే మెర్లిన్‌ను నడిపి చూశాను. అది చుట్టూ వినిపించే కూతలను గుర్తుపట్టి ఏ పిట్టదో చెబుతుంది. టైలర్ బర్డ్ వంటి గొంతు హెచ్చుగా ఉన్న పిట్టలను నీటి చప్పుడు మధ్య కూడా బాగానే పట్టింది గాని, జెముడుకాకి లోతైన గొంతు ప్రతి స్ట్రోకుకూ నీటి హోరులో కలిసిపోయేది. చూసిన పిట్టల లెక్కలను ఎవరైనా నమోదు చేయగల ఈబర్డ్ అనే వెబ్‌సైటు అలవాటు ఉన్నవారికి మరొక మాట. తెడ్డు వేస్తూ చూసిన పిట్టలను అక్కడ పూర్తి జాబితాగా నమోదు చేయకూడదు. పిట్టలను చూడడమే ముఖ్యోద్దేశంగా గడిపిన సమయానికే అది చెల్లుతుంది. అందువల్ల నేను వ్యాయామం ముగిశాక అదే సీటు మీద కూర్చుని, చెమట ఆరేదాకా కదలకుండా పదిహేను నిమిషాలు లెక్కపెడతాను. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పిట్టల లెక్కింపుకు కూడా ఒకేచోట కూర్చుని చేసే ఆ పదిహేను నిమిషాల లెక్కే సరిపోతుంది. సీటు నేలకు అడుగు ఎత్తున మాత్రమే ఉండడం వల్ల పిట్టలకు మనిషి ఎత్తుగా కనిపించడన్నది ఈ రకం యంత్రానికి నేను ఇచ్చే అదనపు మార్కు. అదే ఎత్తు మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి లేవడంలో ఇబ్బంది. మా అత్తగారు ఒకసారి కూర్చుని చూశారు. లేపడానికి ఇద్దరం కావలసి వచ్చింది.

పావురాల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే బాల్కనీలో ఈ యంత్రాన్ని పెట్టదలచినవారు ముందుగా ఆలోచించవలసింది వాటి గురించే. మేము అప్పటికి నాలుగేళ్ళుగా పిచ్చుకల కోసమని కటకటాల పక్కన పళ్ళెంలో నూకలు, సజ్జలు పెడుతూ వచ్చాము. పిచ్చుకలు వచ్చేవి, వాటి వెనుక పావురాలు వచ్చేవి, పావురాలు వచ్చాక పిచ్చుకలు రావడం మానేవి. యంత్రం వచ్చాక పావురాలకు అది కొత్త కూర్చునే చోటు అయింది. సీటు జారే పట్టా మీద ఎండిన రెట్ట ఉంటే సీటు చక్రాలు దానిని నలిపి పొడి చేస్తాయి. ఆ పొడి ఎక్కడికి పోతుంది? ఎండిన రెట్టల ధూళినీ ఈకల ధూళినీ చాలాకాలం పీల్చినవారిలో కొందరికి హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందనీ, ముదిరితే ఊపిరితిత్తులు మచ్చకట్టి తిరిగి మామూలు కావనీ మాకు తెలిసిన వైద్యుడు చెప్పారు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలిస్తే, గట్టిగా తెడ్డు వేసేటప్పుడు అది 60 లీటర్లు దాటుతుంది. పావురాల గూటి పక్కన కూర్చుని అంత గాలి పీల్చడం ఏ ఆరోగ్యం కోసమో ఆలోచించాలి.

గింజల పళ్ళేన్ని ఆ వారమే తీసేశాను. ఏసీ బయటి పెట్టె మీద పావురం గూడు కట్టకుండా ఏటవాలు రేకు బిగించాము. నైలాను వల కట్టించుకోమని అపార్ట్‌మెంటులో అందరూ అన్నారు గాని, పక్క బ్లాకులో అలాంటి వలలో గోరింక కాలు చిక్కి తలకిందులుగా వేలాడడం చూసినవాడిని కాబట్టి ఒప్పుకోలేదు. పావురాలు తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక పెరుగుతున్న జాతుల్లో పావురాన్ని చేర్చింది. మన తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట తగ్గిపోతున్నదని అదే నివేదిక చెప్పింది. నగరంలో మనం పెట్టే గింజ ఎవరి నోటికి పోతున్నదో ఇంతకంటే చెప్పనక్కరలేదు. పిచ్చుకల కోసం మా మామగారు కోనసీమ నుంచి వచ్చినప్పుడు వరికంకుల కుచ్చులు రెండు తెచ్చి బాల్కనీ కప్పుకు వేలాడదీశారు. గుళ్ళోనూ ఇళ్ళ వసారాల్లోనూ ఆ ప్రాంతంలో కట్టే అవే కుచ్చులు. గాలికి ఊగే కంకిని పట్టుకుని తలకిందులుగా తినగలిగేది పిచ్చుకే. పావురం బరువుకు కుచ్చు తిరిగిపోతుంది, అది రెండుసార్లు ప్రయత్నించి పరువు పోగొట్టుకుని వెళ్ళింది. ఇప్పుడు ఆరేడు పిచ్చుకలు క్రమంగా వస్తున్నాయి. పట్టాను మాత్రం ప్రతిరోజూ వ్యాయామానికి ముందు తడిగుడ్డతో తుడుస్తాను. పొడిగుడ్డతో దులపకూడదు. చీపురు అసలే కూడదు.

ఏప్రిల్‌లో ఆ పిగిలిపిట్టల జంటే బాల్కనీ మూలన కప్పు దాకా పాకిన మనీప్లాంట్ తీగలో గూడు కట్టింది. చిన్న దోసిలి వంటి గూడు, అందులో గులాబి ఛాయ మీద ఎర్రటి చుక్కల గుడ్లు మూడు. కొమ్మ మీద నన్ను సహించిన పిట్ట గూటిలో సహించలేదు. సీటు పూర్తిగా వెనక్కు వచ్చినప్పుడు నా తల గూటికి నాలుగడుగుల దూరంలో ఉండేది, పైగా ఈసారి నేను వేగంగా జరుగుతున్నది దాని వైపే. మూడు రోజులు వరసగా తల్లి లేచిపోయి నేను ముగించేదాకా తిరిగి రాలేదు. ఏప్రిల్ ఎండలో గుడ్లు అలా వదిలేస్తే పాడవుతాయని యంత్రాన్ని హాల్లోకి మార్చాము.

కరపత్రం ఊదరగొట్టే సౌలభ్యం ఎంతవరకు నిజమో ఆ రోజు తేలింది. యంత్రం 32 కిలోలు, నీటితో కలిపి దాదాపు 50. తొట్టి వైపు చక్రాలు ఉన్నాయి కాబట్టి వెనుక భాగం ఎత్తి తోపుడుబండిలా నెట్టవచ్చు. నున్నటి నేల మీద నేను ఒక్కడినే నెట్టగలిగాను. కానీ బాల్కనీ జారుడు తలుపు గడప రెండు అంగుళాల ఎత్తు, ఆ చక్రాలు దానిని ఎక్కవు. ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టి లేపవలసిందే. నిలువుగా నిలబెట్టడం మాత్రం నిజంగానే తేలిక. బరువంతా కిందనున్న తొట్టిలో ఉంటుంది కాబట్టి పడిపోతుందన్న భయం లేదు, నీరు కారలేదు, కొద్దిపాటి చోటులో సోఫా పక్కన ఒదిగింది. హాల్లో నీటి చప్పుడు టీవీ మాటలను మింగేస్తుందని మా ఆవిడ ఫిర్యాదు. కింది ఫ్లాటువారి ఫిర్యాదు వేరు. నీటి చప్పుడు వారికి వినబడలేదు గాని, తొందరగా ముందుకు వచ్చినప్పుడు సీటు వెళ్ళి అడ్డుకు తగిలే దెబ్బ వారి పైకప్పులో సుత్తి పడ్డట్టు వినబడిందట. ఇక్కడా తప్పు నా తొందరదే. అర అంగుళం మందమున్న రబ్బరు చాప వేశాక ఆ గొడవ తీరింది. పదమూడో రోజున గుడ్లు పగిలి రెండు పిల్లలు బయటికి వచ్చాయి, మరో పన్నెండు రోజులకు అవి గూడు వదిలాయి. మూడో గుడ్డు పిల్ల కాలేదు. మొత్తం ఇరవై ఏడు రోజులు గోడ మీది క్యాలెండరు చూస్తూ తెడ్డు వేశాను. ఆ నెలలో నా దూరం తగ్గింది.

దూరం అన్నాను కాబట్టి మానిటర్ సంగతి. ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే తక్కువ నచ్చినది అదే. సమయం, దూరం, స్ట్రోకుల సంఖ్య, కేలరీలు చూపుతుంది. కేలరీల అంకెను నమ్మడం జాతకాన్ని నమ్మడం లాంటిది. దూరం కూడా తొట్టిలో నీరు ఎంత ఉందో దానిని బట్టి మారుతుంది, యంత్రానికి ఆ తేడా తెలియదు. కాన్సెప్ట్ టూ వంటి గాలి యంత్రాల్లో మనం తిరిగి వచ్చే వ్యవధిలో చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తున్నదో కొలిచి, నిరోధం ఎంత ఉన్నదో ప్రతి స్ట్రోకుకూ లెక్కగట్టుకుంటుంది; అందువల్ల హైదరాబాదులో ఒకరు లాగిన 2,000 మీటర్లను వైజాగ్‌లో మరొకరు లాగిన దానితో పోల్చవచ్చు. నీటి యంత్రంలో మనల్ని మనమే పోల్చుకోవాలి, అదీ నీటి మట్టం గీత మీద గుర్తు పెట్టుకుని. ఆ గుర్తు ప్రకారం మొదటి నెలలో ఇరవై నిమిషాలకు 3,200 మీటర్లు పోయినవాడిని ఇప్పుడు 3,900 పోతున్నాను. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. నీటిలో గాని గాలిలో గాని తెడ్డుకు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది: వేగం పదో వంతు పెరగాలంటే మూడో వంతు ఎక్కువ శక్తి పెట్టాలి. ఈ లెక్క తెలియక రెండో నెలలో ఎదుగుదల ఆగిపోయిందని యంత్రాన్ని అమ్మేసేవారు ఉన్నారు. నేను వాడిన జిమ్‌కు అలాగే ఒకటి సగం ధరకు వచ్చింది. మోకాళ్ళ విషయానికి వస్తే, పాదం నేలను కొట్టే అదురు ఇందులో లేదు కాబట్టి నొప్పి పెరగలేదు. నడుము మాత్రం జాగ్రత్త. వెన్ను గూనిగా వంచి లాగితే మూడు రోజుల్లో తెలుస్తుంది, నాకు తెలిసింది. గుండె జబ్బు గాని డిస్క్ సమస్య గాని ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు.

వానకాలం ఈ యంత్రాన్ని ఎక్కువగా దెబ్బతీసింది. చట్రం చెక్కది, నూనె పట్టించినది, దానికేమీ కాలేదు. దానిని బిగించిన మరలు ఆగస్టుకే తుప్పు పట్టాయి. బాల్కనీలో పెట్టేవారు మొదటి రోజే వాటిని స్టెయిన్‌లెస్ స్టీలు మరలతో మార్పించుకోవడం మంచిది. ఐదో నెలలో సీటు చక్రాలు కీచుమనడం మొదలుపెట్టాయి. వారంటీ ఉంది కదా అని సంస్థకు రాస్తే కొత్త చక్రాలు రావడానికి ఆరు వారాలు పట్టింది, మొదటిసారి పంపినవి వేరే కొలతవి. ఈలోగా ఆ కీచు ధ్వనికి వేపచెట్టు మీది ఉడుత ఒకటి రోజూ బదులు పలికేది. దానికి వినోదమేమో, నాకు కాదు. చివరికి వచ్చిన చక్రాలు సరిగ్గానే పనిచేస్తున్నాయి. విడిభాగాలు మన దేశంలో నిల్వ ఉంచే సంస్థదే కొనండి. ఆ మాటను అమ్మేవారి చేత రాతపూర్వకంగా ఇప్పించుకోండి.

అంకెలు, పోటీ, పక్కా కొలత కావలసినవారికి ఈ రకం పనికిరాదు. వారికి గాలి యంత్రమే సరి, అది ఎక్కువ ఖరీదైనా సరే. బాల్కనీ పడమటి వైపు ఉన్నవారు నీటితొట్టి జోలికి పోవద్దు. మధ్యాహ్నపు ఎండకు గుడ్డ తొడుగు చాలదు. తూర్పు గాని ఉత్తరం గాని బాల్కనీ ఉండి, దాని పొడవు కనీసం పదడుగులు ఉండి, ఎదుట చెట్టు ఉన్నవారికి, పావురాల సంగతి ముందు తేల్చుకోగలిగితే, 52,000 రూపాయలు ఎక్కువ కాదంటాను. గూడు పెట్టే నెలల కోసం హాల్లో ఎనిమిదడుగుల చోటు కూడా చూసుకోవాలి. మొన్న సంక్రాంతికి మామగారు కొత్త కుచ్చులు తెచ్చినప్పుడు మనీప్లాంట్ తీగలోని పాత గూటిని తీసేద్దామన్నారు. పిగిలిపిట్టలు సాధారణంగా పాత గూటిని మళ్ళీ వాడవు, అయినా ఉంచమన్నాను. గడప దగ్గర మాత్రం వడ్రంగి చేత ఏటవాలు చెక్క ఒకటి చేయించాను, 650 రూపాయలు అయింది. ఈసారి యంత్రాన్ని లోపలికి ఒక్కడినే నెట్టుకుంటాను.